కారు బ్రేకు డిస్కులు ఇంటి వద్దే మార్చుకోవచ్చు.. హబ్‌ శుభ్రతే అసలు కీలకం

తిరుపతి: తిరుమల నుంచి మొదటి ఘాట్‌రోడ్డు మీదుగా దిగివచ్చిన కార్లలో కొన్నింటి చక్రాల వద్ద కాలిన వాసన రావడం ఇక్కడి వాహనదారులకు కొత్త కాదు. కొన్నాళ్లకు అవే కార్లలో బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్‌ వణకడం మొదలవుతుంది. ‘డిస్కులు వంగిపోయాయి, మార్చాలి’ అన్న మాట షెడ్డులో వినిపిస్తుంది. మారుస్తారు. నాలుగైదు నెలలు తిరగకముందే వణుకు మళ్లీ వస్తుంది. తప్పు కొత్త డిస్కుదని యజమాని, ఘాట్‌రోడ్డుదని మెకానిక్‌ అనుకుంటారు. చాలా సందర్భాల్లో తప్పు ఆ రెంటిదీ కాదు. డిస్కు కూర్చునే హబ్‌ మీద మిగిలిపోయిన గోరంత తుప్పుది.

ముందు చక్రాల బ్రేకు డిస్కులు మార్చడం స్పానర్‌ పట్టడం తెలిసిన వారు నేర్చుకోగలిగిన పనే. మొదటిసారి చేసేవారికి రెండు చక్రాలకూ కలిపి సగం రోజు పడుతుంది. షెడ్డులో గంటన్నరలో ముగిసే పనికి ఇంత సమయం ఎందుకని అడగవచ్చు. తుప్పు గీకడానికి, బోల్టుల బిగింపు సరిచూడటానికి షెడ్డులో దొరకని తీరిక ఇంటి వద్ద దొరుకుతుంది. సొంతంగా చేసుకోవడంలో ఆదా అయ్యే కూలి కన్నా ఇదే పెద్ద లాభం. అయితే తొందర పడేవారికి, చదునైన గట్టి నేల లేనివారికి ఇది తగిన పని కాదు.

డిస్కు చేసే పని ఎంత

తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున, తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మనుషులు, సామానుతో కలిపి 1,200 కిలోలు తూగే చిన్న కారు ఈ 690 మీటర్లు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 80 లక్షల జౌళ్లు. దాదాపు 27 లీటర్ల నీటిని మామూలు స్థితి నుంచి మరిగే స్థితికి తేవడానికి అది చాలు. ఇందులో కొంత టైర్ల రాపిడిలో, గాలిలో పోతుంది. రెండో గేరులో దిగితే మరికొంత ఇంజిన్‌ పట్టి ఉంచుతుంది. మిగిలినదంతా వేడిగా మారి చేరేది బ్రేకుల్లోకే. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కనుక, ఆ వేడిలో ఎక్కువ వాటా ముందు చక్రాలదే. మన చిన్న కార్లలో అత్యధికం ముందు డిస్కు బ్రేకులతో, వెనుక డ్రమ్‌ బ్రేకులతో రావడానికి కారణమిదే. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు తీయకుండా కొండ దిగే అలవాటు ఉన్నవారు ఎన్ని డిస్కులు మార్చినా ప్రయోజనం ఉండదు.

దిగిన వెంటనే చక్రాల మీద నీళ్లు చల్లే అలవాటూ ఉంది. డిస్కు పోత ఇనుముతో చేసినది. ఎర్రగా కాగిన పెనం మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. కాసేపు నీడన నిలిపి దానంతటది చల్లారనివ్వడమే మేలు.

వణికితే వంగినట్టేనా

డిస్కు నిజంగా వంగడం అరుదు. ఎక్కువగా జరిగేది వేరు. డిస్కు చుట్టూ మందం ఒకేలా లేకుండా పోతుంది. వేడెక్కిన డిస్కును ప్యాడ్లు ఒకేచోట గట్టిగా పట్టి ఉంచితే ప్యాడ్‌ పదార్థం అక్కడ అంటుకుని పలుచని పొరలా మిగలడం ఒక కారణం. కొండ దిగి సిగ్నల్‌ వద్ద బ్రేకు తొక్కి నిలబడితే జరిగేది ఇదే. రెండో కారణం హబ్‌ తుప్పు. హబ్‌కు ఒక అంచున 0.05 మిల్లీమీటర్ల తుప్పు పొర ఉందనుకుందాం. వెంట్రుక మందం కన్నా తక్కువే. హబ్‌ వెడల్పు 14 సెంటీమీటర్లు, డిస్కు వెడల్పు 25 సెంటీమీటర్లు అయితే, డిస్కు అంచుకు చేరేసరికి ఆ తేడా సుమారు 0.09 మిల్లీమీటర్లవుతుంది. డిస్కు ఊగిసలాటకు తయారీదారులు ఇచ్చే హద్దు సాధారణంగా 0.1 మిల్లీమీటరు, లేదా అంతకన్నా తక్కువ. అంటే కొత్త డిస్కు బిగించిన రోజునే ఆ హద్దు దగ్గరకు వచ్చేసినట్టు.

ఆ రోజు వణుకు తెలియదు. కారు నడుస్తున్నంతసేపూ, బ్రేకు వేయకపోయినా, ఊగే డిస్కు చుట్టుకొకసారి ఒకేచోట ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోటు పలుచనవుతుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు. నాలుగైదు నెలల తర్వాత రావడం వెనుక రహస్యం ఇదే. సూళ్లూరుపేట వంటి సముద్ర తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి వల్ల ఈ తుప్పు ఇంకా త్వరగా పడుతుంది.

డిస్కు మార్చాలా వద్దా అన్నది వణుకును మాత్రమే చూసి నిర్ణయించకూడదు. ఉండాల్సిన కనీస మందం ఎంతో డిస్కు అంచు మీదో, మధ్య టోపీ భాగం మీదో పోతలోనే ముద్రించి ఉంటుంది. మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలిచి చూడాలి. అరిగిన డిస్కుకు బయటి అంచున గట్టులా మిగిలి ఉంటుంది కాబట్టి మామూలు వెర్నియర్‌తో కొలిస్తే ఆ గట్టు మందమే చూపి మోసగిస్తుంది. కొలత కనీస మందానికి చేరినా, నెర్రెలు కనిపించినా, వేలిగోరు ఇరుక్కునేంత లోతుగా గాడులు పడినా మార్చక తప్పదు. చక్రం తిరిగేటప్పుడు ఇనుము ఇనుమును రాసే శబ్దం వస్తుంటే ప్యాడ్లు అరిగి వాటి వెనుక రేకు డిస్కును తింటోందని అర్థం. ఆ స్థితిలో కారును రోడ్డెక్కించకూడదు.

కొన్ని చోట్ల డిస్కును లేత్‌ మీద పెట్టి చదును చేసి ఇస్తారు. చదును చేశాక కూడా కనీస మందం కన్నా ఎక్కువ మిగిలితే తప్పులేదు. చిన్న కార్ల డిస్కుల్లో కొత్త మందానికి, కనీస మందానికి మధ్య తేడా చాలావరకు రెండు మిల్లీమీటర్ల లోపే. అరిగినది అరగగా లేత్‌కు మిగిలేది కొద్దిగానే. పలుచని డిస్కు వేడిని తక్కువగా పట్టి ఉంచుతుంది. కొండదారుల్లో తిరిగే కారుకు అది మంచిది కాదు.

కొనేటప్పుడు రెండు ముందు చక్రాలకూ జతగా కొనాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. కొత్త డిస్కుకు పాత ప్యాడ్లు వాడకూడదు. పాత గాడులకు అలవాటుపడిన ప్యాడ్‌ కొత్త తలం మీద పూర్తిగా ఆనదు. కారు మోడల్‌, తయారైన సంవత్సరం, వేరియంట్‌ చెప్పి బిల్లుతో తీసుకోవాలి. పెట్టె పైకి అసలుదానిలా కనిపించే నకిలీ విడిభాగాలు మార్కెట్లో ఉన్నాయి. కనీస మందం ముద్ర లేని డిస్కును అక్కడే తిరిగి ఇచ్చేయడం ఉత్తమం.

వీటి జోలికి పోవద్దు

వెనుక చక్రాలకూ డిస్కులున్న కార్లలో హ్యాండ్‌ బ్రేకు చాలావాటిలో వెనుక క్యాలిపర్‌లోనే ఉంటుంది. దాని పిస్టన్‌ నెడితే లోపలికి పోదు, తిప్పుతూ నొక్కాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్‌ పార్కింగ్‌ బ్రేకు ఉంటే సర్వీసు మోడ్‌లో పెట్టనిదే ముట్టుకోకూడదు. కొత్తగా నేర్చుకునేవారు వెనుక డిస్కులను మెకానిక్‌కే వదిలేయాలి. వారంటీలో ఉన్న కారుకు సొంతంగా చేసుకుంటే తర్వాత క్లెయిమ్‌ సమయంలో చిక్కులు రావచ్చు. చక్రం లోపలివైపు నూనె కారిన తడి కనిపించినా పని మొదలుపెట్టకూడదు.

జాకీ ఒక్కటే చాలదు

కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి ఉద్దేశించినది. దాని మీద ఆనిన కారు కింద చెయ్యి పెట్టడమే ప్రమాదం. జాకీ స్టాండ్లు రెండు కొనడం అనవసర ఖర్చు అనుకునేవారు ఈ పనిని మానుకోవడం మంచిది. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్‌ పేర్చి దాని మీద కారు నిలపడం మన ఊళ్లలో తరచూ కనిపించే దృశ్యం. అవి పగిలేముందు హెచ్చరిక ఇవ్వవు.

మట్టి నేల మీద, వాలు మీద పని చేయకూడదు. కారును మొదటి గేరులో ఉంచి, హ్యాండ్‌ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లను అరచుట్టు వదులు చేసుకోవాలి. తర్వాతే యజమాని పుస్తకంలో చూపిన చోట జాకీ పెట్టి లేపి, స్టాండ్‌ మీదకు దించాలి. కారును చేత్తో గట్టిగా కదిపి చూడాలి. ఊగితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే స్టాండ్‌ జారినా చక్రం అడ్డుకుంటుంది. మెకానిక్‌లందరికీ తెలిసిన జాగ్రత్తే, పాటించేవారు తక్కువ.

ఒకేసారి రెండు వైపులా విప్పకూడదు. ఒకవైపు పూర్తిచేసి రెండో వైపుకు వెళ్లాలి. ఏ భాగం ఎలా ఉండేదో మరిచిపోతే రెండోవైపు చూసి తెలుసుకోవచ్చు. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే మరీ మంచిది.

విప్పడం సులువే, ఒక్క చోట తప్ప

స్టీరింగ్‌ను పనిచేసే వైపుకు తిప్పితే క్యాలిపర్‌ వెనుక భాగం బయటకు కనిపిస్తుంది. క్యాలిపర్‌ను పట్టి ఉంచే చిన్న బోల్టులు రెండు వెనుకవైపు ఉంటాయి. వాటిని విప్పి క్యాలిపర్‌ను తీయగానే దాన్ని తీగతో సస్పెన్షన్‌ స్ప్రింగుకు వేలాడగట్టాలి. రబ్బరు గొట్టం మీద వేలాడనిస్తే గొట్టం లోపల చిట్లుతుంది, పైకి కనిపించదు. ఏబీఎస్‌ సెన్సర్‌ తీగ అక్కడే ఉంటుంది. దాన్ని లాగకూడదు.

ప్యాడ్లు తీశాక మిగిలేది వాటిని మోసే బ్రాకెట్‌. మొరాయించేది ఇక్కడే. దీని రెండు పెద్ద బోల్టులు ఫ్యాక్టరీలో గట్టిగా బిగించినవి, ఏళ్ల తరబడి తుప్పు పట్టినవి. తుప్పు వదిలించే స్ప్రేను ముందురోజు రాత్రే కొట్టి ఉంచితే పని తేలికవుతుంది. బోల్టు మూలలు అరగకుండా ఆరు మూలల బాక్స్‌ స్పానర్‌ వాడాలి. తిప్పే దిశను బోల్టు తల ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని నిర్ణయించుకోవాలి. వెనుక నుంచి పనిచేసేటప్పుడు విప్పుతున్నామనుకుని బిగించేవారే ఎక్కువ. స్పానర్‌ పిడికి పైపు తొడిగి లాగేటప్పుడు స్టాండ్‌ మీద కారు కదులుతోందేమో చూసుకోవాలి. ఎంతకీ రాకపోతే అక్కడే ఆపి అన్నీ తిరిగి బిగించి షెడ్డుకు తీసుకెళ్లడంలో చిన్నతనం లేదు.

ఇక డిస్కు. హ్యుందాయ్‌ కార్లలో సాధారణంగా రెండు స్టార్‌ స్క్రూలు దాన్ని హబ్‌కు పట్టి ఉంచుతాయి. స్క్రూ తల చెడిపోకుండా ముందుగా స్క్రూడ్రైవర్‌ను పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే పట్టు వదులుతుంది. మారుతి కార్ల డిస్కుల్లో అనేకం స్క్రూలు లేకుండా, తుప్పు పట్టుతోనే నిలిచి ఉంటాయి. వాటి ముఖం మీద మరలున్న చిన్న రంధ్రాలు రెండు కనిపిస్తాయి. సాధారణంగా ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు పడతాయి. వాటిని ఎక్కించి అటొక అరచుట్టు, ఇటొక అరచుట్టు బిగిస్తూ పోతే డిస్కు దానంతటదే బయటకు వస్తుంది. ఈ రంధ్రాలు ఎందుకున్నాయో తెలియక సుత్తితో బాది బేరింగును పాడుచేసుకున్నవారు తక్కువేమీ కాదు.

అసలు పని ఇక్కడే

డిస్కు ఊడిన తర్వాత కొత్తది తొడిగేయాలన్న ఆత్రం కలుగుతుంది. హబ్‌ ముఖాన్ని తీగ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి. ప్రతి స్టడ్‌ మొదట్లో, మధ్య ఉబ్బు చుట్టూ ఉన్న మూలలో తుప్పు పొరలు దాక్కుంటాయి. అక్కడ కాగితాన్ని మడిచి వేలితో రుద్దడమొక్కటే మార్గం. చివరగా అరచేతి వేళ్లతో తడిమి చూడాలి. గరుకు తగిలితే మళ్లీ రుద్దాలి. అరగంట పట్టినా ఫరవాలేదు. ఇక్కడ చల్లిన చెమట నాలుగైదు నెలల తర్వాత ఫలితమిస్తుంది.

దుమ్మును నోటితోనో, గాలి పైపుతోనో ఊదకూడదు. పాత, చవక ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్‌ ఉండే అవకాశం ఉంది. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి.

కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. దాన్ని బ్రేకు క్లీనర్‌తో పూర్తిగా పోగొట్టాలి. అది దొరకకపోతే వేడి సబ్బునీటితో కడిగి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. కిరోసిన్‌తో కడగడం అలవాటున్నవారు ఈ ఒక్కచోట దాన్ని మరిచిపోవాలి. కిరోసిన్‌ వదిలే జిడ్డు ప్యాడ్లలోకి ఇంకితే అవి పనికిరావు. అందుకే గ్రీజు చేతులతోనూ డిస్కు తలాన్ని ముట్టుకోకూడదు. శుభ్రం చేసిన డిస్కును హబ్‌ మీద పెట్టి, రెండు వీల్‌ నట్లతో తాత్కాలికంగా అదిమి ఉంచి, బ్రాకెట్‌ బిగించాలి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక క్యాలిపర్‌ పిస్టన్‌ను వెనక్కు నెట్టాలి. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో మెల్లగా నొక్కాలి. అప్పుడు బ్రేకు ఆయిల్‌ వెనక్కు పోయి ఇంజిన్‌ గదిలోని డబ్బాలో మట్టం పెరుగుతుంది. పొర్లితే పెయింటు పాడవుతుంది కాబట్టి నిండుగా ఉంటే ముందే కొంత తీయాలి, పడినచోట వెంటనే నీళ్లు పోసి కడగాలి. పిస్టన్‌ ఎంత నొక్కినా కదలకపోతే, దాని చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అది వేరే జబ్బు. మెకానిక్‌ చూడాల్సిందే. క్యాలిపర్‌ జారే రెండు పిన్నులనూ తుడిచి, బ్రేకుల కోసం తయారైన సిలికాన్‌ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. అరిగినప్పుడు కీచుమని హెచ్చరించే రేకు ఉన్న ప్యాడ్‌ పాతది ఏ వైపు ఉందో కొత్తదీ ఆ వైపే పెట్టాలి.

బిగింపుకూ ఒక లెక్క

బ్రాకెట్‌ బోల్టులకు, క్యాలిపర్‌ బోల్టులకు, వీల్‌ నట్లకు ఎంత బిగింపు ఉండాలో కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. వీల్‌ నట్లకు చిన్న కార్లలో ఇది సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్‌ మీటర్ల మధ్య. టార్క్‌ రెంచ్‌ అద్దెకో, అరువుకో తెచ్చుకోవడం అవసరం. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. పంక్చర్‌ షాపుల్లో గాలి గన్నుతో ఒక్కో నట్‌ను ఒక్కో తీరుగా బిగించడం వల్ల కూడా డిస్కు మీద ఒత్తిడి అసమానమై వణుకు వస్తుంది. అక్కడ చేతి స్పానర్‌తో బిగించమని అడగడం వాహనదారుల హక్కు.

కదిలించే ముందు పెడల్‌ తొక్కాలి

ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచినా ఇది మరవకూడదు. పిస్టన్‌ వెనక్కు పోయి ఉంది కాబట్టి మొదటిసారి తొక్కిన పెడల్‌ నేలదాకా పోతుంది, బ్రేకు పడదు. గేరులో వేసి గేటు దాటాక ఈ సంగతి తెలిస్తే ఎదురుగా గోడో, ఆడుకుంటున్న పిల్లలో ఉండవచ్చు. ఇంజిన్‌ ఆఫ్‌లో ఉండగానే పెడల్‌ను మెల్లమెల్లగా, గట్టిపడేదాకా తొక్కాలి. తర్వాత తొక్కిపట్టి స్టార్ట్‌ చేస్తే పెడల్‌ కొద్దిగా దిగి ఆగాలి. ఎంతకీ గట్టిపడకుండా మెత్తగా, స్పంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు. గాలి తీయించనిదే కారు కదలకూడదు. డబ్బాలో ఆయిల్‌ మట్టం సరిచూసి, తగ్గితే మూత మీద రాసిన డాట్‌ 3 లేదా డాట్‌ 4 రకమే, సీలు తీయని డబ్బా నుంచి పోయాలి. ఇంటి ఆవరణలో నడక వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కాలి.

కొత్త డిస్కు, కొత్త ప్యాడ్లు ఒకదానికొకటి అలవాటు పడాలి. ప్యాడ్ల పెట్టె మీద సూచనలుంటే వాటినే పాటించాలి. లేకుంటే వాహనాలు లేని రోడ్డు మీద, వెనుక ఎవరూ రాకుండా చూసుకుని, గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 15 కిలోమీటర్లకు మధ్యరకంగా తొక్కి తగ్గించాలి. పూర్తిగా ఆపకూడదు. నడుమ చల్లారడానికి కాస్త దూరం వదులుతూ ఎనిమిది, పదిసార్లు ఇలా చేయాలి. తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేకు అవసరం లేకుండా నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్‌ పదార్థం డిస్కు అంతటా సమానంగా పరుచుకునేది ఈ కొద్దిసేపట్లోనే. మొదట్లో కొత్త వాసన, లేత పొగ కనిపించినా చల్లారాక పోవాలి. పోకుండా ఒక చక్రం మాత్రమే అతిగా వేడెక్కుతుంటే అక్కడ ప్యాడ్‌ పట్టేసిందని అర్థం.

మొదటి 200, 300 కిలోమీటర్లు కఠినమైన బ్రేకు వేయకుండా చూసుకోవాలి. సాయంత్రం డిస్కులు మార్చి మర్నాడు ఉదయం కుటుంబంతో కొండకు బయల్దేరే ఆలోచన ఉంటే ప్రయాణమైనా, పని అయినా వాయిదా వేసుకోవాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక కారు చల్లగా ఉన్నప్పుడు వీల్‌ నట్ల బిగింపును టార్క్‌ రెంచ్‌తో మరోసారి సరిచూడాలి. మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, డిస్కు మందం ఒక కాగితం మీద రాసి కారు పత్రాలతో పాటు ఉంచుకుంటే తర్వాతిసారి కొలిచినప్పుడు ఎంత అరిగిందో లెక్క తేలుతుంది.